పేరు అడిగితే ఓడినట్టే

అమీర్‌పేట, హైదరాబాదు
14 జూలై 2024, ఆదివారం

అత్తయ్యా,

నమస్కారం అంటే నవ్వుతావని తెలుసు, అయినా ఉత్తరం కాబట్టి ముందు నమస్కారం. ఫోన్ చేస్తే నా గొంతు నీకు సీసాలో ఈగ తిరిగినట్టు వినిపిస్తోందన్నావు. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో ఉద్యోగమంతా ఊరివాళ్ళ మాటలు కలిపిన చెవులు అవి. ఇప్పుడు సెలవు పెట్టాయి, ఏం చేస్తాం. వాట్సాప్ నీకు గిట్టదు. అందుకే ఉత్తరాలు రాస్తానన్న మాట నిలబెట్టుకుంటున్నాను.

హాస్టల్లో నాది రెండో అంతస్తు, కిటికీ పక్క మంచం. గదిలో ఇంకో ముగ్గురున్నారు. ముగ్గురూ చెవుల్లో ఏదో పెట్టుకుని కంప్యూటర్ కోర్సులు చదువుతుంటారు. వాళ్ళకి చెవులు బాగానే ఉన్నాయి గానీ నా మాట వినిపించదు. పంజాగుట్టలో ఆడిటర్ హనుమత్ప్రసాద్ గారి ఆఫీసుకి నడిచే వెళ్తున్నాను. ఇక్కడ గోడ కనిపిస్తే బోర్డు, బోర్డు మీద ఇంకో బోర్డు, అన్నిటిలోనూ ఏదో ఒకటి నేర్పిస్తామనే. మెట్రో మెట్లు దిగి వచ్చే జనం మాత్రం మన బీచ్ దగ్గర అలలాగే వస్తారు, ఒక విడత వెళ్ళేలోపు ఇంకో విడత.

అందుకని బీచ్ గోడ మీద కూర్చుని మనం ఆడే ఆట ఇక్కడా మొదలుపెట్టాను. నియమాలు అవే. కనిపించిన మనిషికి మనమే పేరు పెట్టాలి, మనమే కథ అల్లాలి, అసలు పేరు అడిగినవాళ్ళు ఓడినట్టే. ఇద్దరు దొరికారు. ఒకావిడ ఎదురు బిల్డింగు మెట్ల కింద మిషను వేసుకుని చీరలకి ఫాల్, పీకో కుడుతుంది. మెడ నిటారుగా ఉంటుంది, ఎవరొచ్చినా తలెత్తదు. ఆవిడకి మహారాణి గారని పేరు పెట్టాను. రాజ్యం పోయింది గానీ బింకం పోలేదు. రెండో ఆయన ఒక ఇన్‌స్టిట్యూట్ మెట్ల మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళకి అడ్మిషన్ల కాగితాలు పంచుతాడు. జేబులో పెన్నులు. ఆయన పోస్టుమాస్టరు గారు. దారినపోయే ప్రతివాళ్ళకీ కాగితం ఇస్తాడు, నాకు మాత్రం ఇవ్వడు. ఎందుకో తెలియదు.

మేడ మీద నా గది కిటికీ రెక్క వానకి ఉబ్బి ఉంటుంది. వడ్రంగిని పిలిచావా?

నీ
హైందవి


చినవాల్తేరు, విశాఖపట్నం
25 జూలై 2024

అమ్మడూ,

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను, తర్వాత కాస్త బెంగపడ్డాను. మహారాణి సరే, పోస్టుమాస్టరు సరే, వాళ్ళతో నువ్వు మాట్లాడతావా? ఆట మనిద్దరం పక్కపక్కన కూర్చున్నప్పుడు బాగుంటుంది. ఒక్కదానివే ఆడుకుంటే దాన్ని ఆట అనరు. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు. కాగితం ఎందుకివ్వవయ్యా అని అడిగెయ్, పోయిందేముంది? నువ్వక్కడ ఎవరూ లేకుండా ఉన్నావనుకుంటే ఇక్కడ నాకు ముద్ద దిగడం లేదు. ఇది బెదిరింపు కాదు, నిజమే.

మన గోడ సంగతులు. మురీ మిక్చరు అమ్మే మేజరు గారు మీసం ఇంకాస్త పెంచాడు. అదే ఎర్ర గొడుగు, డబ్బా మీద గరిటెతో అదే దరువు. ఎడమొహం పెడమొహంగా నడిచే ఆ దంపతులు మొన్న దగ్గరదగ్గరగా నడిచారు. ఆయనకి ఒంట్లో బాగా లేదేమో అనుకున్నాను.

కేదార్‌కి సంబంధాలు చూస్తూనే ఉన్నాం. కాకినాడ వాళ్ళది ఒకటి నచ్చేలా ఉంది. పిల్ల పేరు మృదుల. నీ బావ ఫొటో చూసి మాట్లాడలేదు, అంటే నచ్చిందన్నమాట.

కిటికీ రెక్క బాగుచేయించాను. గదిలో నీ సామాను భద్రంగానే ఉంది, దాని గురించి బెంగ పెట్టుకోకు.

దీవెనలతో
అరుణాదేవి అత్త


అమీర్‌పేట
18 ఆగస్టు 2024, ఆదివారం

అత్తయ్యా,

ముందు నువ్వు కడుపు నిండా భోంచెయ్యి. తర్వాత ఉత్తరం చదువు.

మాట్లాడుతున్నాను. నిన్న సాయంత్రం మహారాణి గారి దగ్గర కూర్చుని టీ తాగాను. ఆవిడ స్టూలు మీద కూర్చోబెట్టి, తన టీలోంచి సగం ఇంకో కప్పులో పోసి ఇచ్చింది. ఆవిడకి సంగీతం ఇష్టమట, మిషను చప్పుడు కూడా తాళానికే వేస్తుందట. పోస్టుమాస్టరు గారైతే నా కోసం రోజూ పేపరు దాచి ఉంచుతాడు. పేర్లు అడగలేదులే, ఆట ఓడిపోవడం నాకిష్టం లేదు.

వానలు పడుతున్నాయి. వాన పడితే ఈ వీధిలో అందరూ ఒకే అరుగు మీదికి ఎక్కుతారు. ఇడ్లీ బండివాడు, లాప్‌టాప్ సంచుల పిల్లలు, చీరల మూటలు పట్టుకున్న ఆడవాళ్ళు, ఒక కుక్క. వాన ఆగేదాకా ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు. ఆగగానే ఎవరి దారి వాళ్ళది. చూడ్డానికి భలే ఉంటుంది.

బావకి సంబంధం కుదిరితే మంచిదే. మృదుల పేరు బాగుంది.

మేడ గదిలోంచి పొద్దున్నే పడవలు కనిపిస్తున్నాయా? ఇప్పుడు వేటకి వెళ్ళే రోజులు కదా. ఆ కిటికీ దగ్గర నేను వేసుకునే పీట ఉండాలి, చూడు.

నీ
హైందవి


చినవాల్తేరు
10 సెప్టెంబరు 2024

హైందవీ,

నీకు మనుషులు దొరికారు, నాకు ఆకలి దొరికింది. మీ మహారాణి గారు చల్లగా ఉండాలి. ఎవరూ లేని చోట సగం టీ ఇచ్చే మనిషి దొరకడం చిన్న సంగతి కాదు.

కాకినాడ సంబంధం ఖాయమైంది. మాఘంలో ముహూర్తం.

ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ప్రతి ఉత్తరంలోనూ ఆ గది గురించి అడుగుతున్నావు. మా తమ్ముడు పోయాక పదో తరగతి పిల్లగా ఈ ఇంటికొచ్చావు. కేదార్, నువ్వూ అని చుట్టాలందరూ అప్పటినుంచీ అనుకున్న మాటే. నేను అనలేదు, వద్దనీ అనలేదు. ఆ తలపు ఏదైనా నీ మనసులో ఉండిపోతే ఆ గది నిన్ను వదలదు. అందుకని నీ పుస్తకాలూ బట్టలూ పెట్టెలో సర్ది బస్సులో వేయిస్తున్నాను. పీట కూడా పంపిస్తున్నాను. నీ వస్తువులు నీ దగ్గరుంటే నీ మనసూ అక్కడే ఉంటుంది.

బీచ్‌లో వినాయకుళ్ళ నిమజ్జనాలు మొదలయ్యాయి. మేజరు గారికి మంచి బేరాలు. ఆ ఎర్ర గొడుగు కింద ఎంత జనమో.

పెద్ద మనసు చేసుకుని ఉండు.

మీ అత్త


అమీర్‌పేట
13 అక్టోబరు 2024, ఆదివారం

అత్తయ్యా,

పెట్టె అందింది. పీట కూడా వచ్చింది. కిటికీ దగ్గర వేసుకున్నాను. హాస్టల్ గదిలో పీట ఏంటని మా గది పిల్లలు మొదటిసారి నాతో మాట్లాడారు.

నువ్వనుకున్నదేం కాదు అత్తయ్యా. గది గురించి అడిగింది వేరే. సరే, వదిలెయ్.

ఇక్కడ బతుకమ్మ పండగ ఎలా చేస్తారో నువ్వు చూడాలి. ఆఖరి రోజు, సద్దుల నాడు సాయంత్రం ఎదురు బిల్డింగు ముందు ముగ్గేసి, పూలు పేర్చిన బతుకమ్మల్ని పెట్టి ఆడవాళ్ళంతా చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొట్టారు. దారి ఆగిపోయింది. బైకులవాళ్ళు హారన్లు కొట్టారు, తర్వాత వాళ్ళే దిగి చూశారు. మహారాణి గారు ఆ రోజు మిషను మూసేసి పట్టుచీర కట్టుకొచ్చింది. అడుగంటే అడుగు, చప్పట్లంటే చప్పట్లు, ఆవిడ ముందు ఇంకెవరూ ఆనరు. నన్ను కూడా చెయ్యి పట్టుకుని లాగింది. ఆడాను. కాలు తడబడితే అందరూ నవ్వారు. బతుకమ్మల్ని నీళ్ళలో వదలడానికి తీసుకెళ్తూ నాకు కొంచెం సత్తుపిండి పెట్టారు, నువ్వుల వాసన చేతికి ఇంకా ఉంది.

దసరా సెలవులకి వస్తే బాగుండునని ఒకసారి అనిపించింది. నువ్వు రమ్మని రాయలేదు కదా, పెళ్ళి పనులుంటాయని ఊరుకున్నాను.

హైందవి


చినవాల్తేరు
5 డిసెంబరు 2024

అమ్మడూ,

నీ బతుకమ్మ ఉత్తరం కేదార్‌కి చదివి వినిపించాను. "నాకంటే ముందే దానికి కొత్త ఊళ్ళో చుట్టాలయ్యారు" అన్నాడు. రమ్మని రాయకపోవడం ఏంటే, నీ ఇంటికి నిన్ను పిలవాలా? అయినా వీధి వీధంతా చెయ్యి పట్టుకుని ఆడిస్తుంటే వదిలి రమ్మనడం ఎందుకులే అనుకున్నాను.

కింద గది చీకటిగా ఉంటుందని మృదుల వాళ్ళమ్మ గారు అన్నారు. మేడ గది కొత్త దంపతులకి ఇద్దామనుకుంటున్నాం. నీకు మనసులో ఏ మూలైనా వద్దనిపిస్తే రాయి. నీకక్కడ ఊరంతా నీవాళ్ళే అయ్యారు కాబట్టి అడుగుతున్నాను, లేకపోతే అడిగేదాన్ని కాదు. సున్నం వేయించాలి, కాబట్టి త్వరగా రాయి.

ఆశీస్సులు.
అత్త


అమీర్‌పేట
22 డిసెంబరు 2024

అత్తయ్యా,

గది ఇచ్చెయ్. నాకు వద్దనిపించడానికి ఏముంది? సున్నం తెల్లది కాకుండా లేత పసుపు వేయించు, పొద్దున ఎండకి బాగుంటుంది.

పెళ్ళికి రావడం కుదిరేలా లేదు. ఆఫీసులో పని ఎక్కువగా ఉంది, ఆడిటర్ గారు సెలవు అడిగితే ముఖం మాడ్చుకుంటారు. బావకి నా శుభాకాంక్షలు చెప్పు.

హైందవి


చినవాల్తేరు
20 ఫిబ్రవరి 2025

హైందవీ,

పెళ్ళి బాగా జరిగింది. నువ్వు రాలేదని నీ మీద కోపంగా ఉంది. అది పక్కన పెట్టి పని మాట రాస్తున్నాను.

మృదుల వాళ్ళు సారె ఘనంగా తెచ్చారు. కాకినాడ కాజాలు, సున్నుండలు, అరిసెలు, లడ్డూలు. మన వీధంతా ఇంటింటికీ పంచాను. చెవిటిదాన్నని ఇంతకాలం దూరంగా ఉన్నవాళ్ళు కూడా డబ్బా చూసి దగ్గరికొచ్చారు. నీ వాటా ఎవరు పంచుతారు? ఈ ఇంటి ఆడపిల్లవి కాబట్టి నీ వీధిలో నువ్వే పంచాలి. కేదార్ ట్రావెల్స్ బస్సులో పార్సిల్ వేశాడు. చలిమిడి మాత్రం పాడవుతుందని పెట్టలేదు.

మహారాణి గారికి ఒక డబ్బా, పోస్టుమాస్టరు గారికి ఒకటి, మిగిలింది బతుకమ్మ నాడు నీకు సత్తుపిండి పెట్టినవాళ్ళకి. ఆడవాళ్ళకి బొట్టు పెట్టి ఇవ్వు, మా ఇంటి సారె అని చెప్పు, వాళ్ళ పేర్లు కనుక్కుని నాకు రాయి. ఓడిపోతానంటావేమో, సారెకి ఆట లేదు. సారె ఇంట్లో మిగుల్చుకుంటే పెళ్ళికూతురికి మంచిది కాదని మా అత్తగారు అనేవారు. ఒక్క కాజా కూడా దాచుకోకు.

ఇక్కడ గోడ, సముద్రం, మేజరు గారి ఎర్ర గొడుగు, అన్నీ యథాప్రకారం.

అత్త


అమీర్‌పేట
2 మార్చి 2025, ఆదివారం

అత్తయ్యా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు.

డబ్బాలు వచ్చిన రోజు మంచం కింద పెట్టి నిద్రపోదామని చూశాను. గదంతా నేతి వాసన. నేను మహారాణి గారితో ఏనాడూ మాట్లాడలేదు అత్తయ్యా. టీ తాగలేదు, స్టూలు మీద కూర్చోలేదు. పేపరు ఎవరూ దాచలేదు. బతుకమ్మ నాడు గదిలో లైటు తీసేసి కిటికీలోంచి చూశాను. నువ్వు ముద్ద దిగడం లేదన్నావని మొదట ఒక చిన్న అబద్ధం రాశాను. అది చదివి నువ్వు సంతోషించావు, అందుకని ఇంకోటి రాశాను. రాస్తుంటే నాకూ బాగుండేది, ఉత్తరం రాసిన ఆ కాసేపూ నాకు ఈ ఊళ్ళో మనుషులున్నట్టుండేది.

తినేద్దామంటే మృదుల గుర్తొచ్చింది. ఏ పాపం తెలియని పిల్ల. పారెయ్యడానికి చెయ్యి రాలేదు. ఇక తప్పక డబ్బాలు పట్టుకుని దిగాను.

ముందు పోస్టుమాస్టరు గారి దగ్గరికి వెళ్ళాను. డబ్బా చేతిలో పెట్టి, ఏం మాట్లాడాలో తెలియక, నాకు కాగితం ఎందుకివ్వరని అడిగేశాను. ఆయన డబ్బా వంకా నా వంకా చూసి, "కాయితం కొత్తగొచ్చినోల్లకు బిడ్డా. నువ్వు ఈడి పిల్లవే గద" అన్నాడు. ఆయన పేరు భిక్షపతి. ఇన్నాళ్ళూ ఆయనకి నేనసలు కనిపించడం లేదేమో అనుకున్నాను.

ఆ మాటతో ధైర్యం వచ్చి మెట్ల కిందికి వెళ్ళాను. ఆవిడ పేరు కాంతవ్వ. సిరిసిల్ల వాళ్ళట, భర్త అక్కడ మరమగ్గాలు నడిపేవాడట. ఆయన పోయాక బోరబండలో ఉంటూ రోజూ బస్సులో వచ్చి ఇక్కడ కుడుతోంది. తలెత్తకపోవడం బింకం కాదు, మెడ నొప్పి. నేను బొట్టు పెట్టబోతే వెనక్కి జరిగింది. అప్పుడు గానీ తెలియలేదు నాకు, ఆవిడకి భర్త లేడని. నేను తడబడుతుంటే ఆవిడే వేలితో కుంకుమ తీసి నా నుదుటన పెట్టింది. నా గురించి వీళ్ళకీ ఒక కథ ఉందట అత్తయ్యా. ఎప్పుడూ కిటికీ దగ్గరే కూర్చుంటాను కాబట్టి ఎన్ని కోర్సులు చేసినా ఉద్యోగం రాని పిల్లననుకున్నారట.

ఎవరి సారె అని అడిగింది. మా బావ పెళ్ళి సారె అన్నాను. పెళ్ళికూతురు కాకినాడ అమ్మాయని చెప్పేలోపే ఆవిడ మిషను ముందునుంచి లేచి నిలబడింది. "మేనబావనే చేసుకున్నవా? మంచిగ చేసినవు బిడ్డా" అంది. పక్క షాపువాళ్ళని పిలిచి చెప్పింది. ఎవరో టీ తెప్పించారు. పెళ్ళికొడుకు ఎప్పుడొస్తాడన్నారు, ఏం పని చేస్తాడన్నారు. తల మీద చెయ్యి పెట్టారు.

నేను కాదనలేదు.

బావ మీద నాకు ఆ ఉద్దేశం ఎప్పుడూ లేదు, నీ మీద ఒట్టు. కానీ అందరూ అలా అనుకున్నంతకాలం మీ ఇంట్లో నేనెందుకున్నానో ఎవరూ అడగలేదు. బయట సంబంధాలు చూడ్డం మొదలయ్యాక చుట్టాలు నన్ను అడగడం మొదలుపెట్టారు. పెళ్ళికాని మరదలు మేడ మీద ఉంటే కొత్తకోడలికి ఎలా ఉంటుందని కూడా ఒకావిడ అంది. అందుకే వచ్చేశాను. గది గురించి అడిగినప్పుడల్లా నువ్వు "వచ్చెయ్యవే" అంటావేమోనని చూశాను. నువ్వు పెట్టె పంపించావు.

ఇప్పుడు కాంతవ్వ రోజూ కింద నుంచి చెయ్యి ఊపుతోంది. నేను పైనుంచి ఊపుతున్నాను. ఆవిడ నవ్వేది ఆవిడ అనుకున్న పెళ్ళికూతుర్ని చూసి. ఏం చెయ్యాలో తెలియడం లేదు.

హైందవి


చినవాల్తేరు
12 మార్చి 2025

హైందవీ,

నీ ఉత్తరం అందిన రోజు వంట చెయ్యలేదు. మృదుల ఏదో అడిగింది, వినపడనట్టు ఊరుకున్నాను. చెవిటితనానికి ఇదొక్కటే లాభం.

ఎక్స్‌ఛేంజీలో అవతలివాళ్ళు హలో అన్న తీరుని బట్టి అబద్ధం చెబుతున్నారో లేదో చెప్పేదాన్ని నేను. నా ఇంటి పిల్ల ఉత్తరం మాత్రం చదివి నమ్మేశాను. నీ గది ఇచ్చేశాను, లేత పసుపు వేయించి మరీ ఇచ్చేశాను. ఇప్పుడు ఆ పిల్లని దిగమని చెప్పలేను. ఈ మాట రాయడానికి నాకు చాలా కష్టంగా ఉంది.

కానీ ఆ కాంతవ్వ గారిని మోసంలో ఉంచకు. పొద్దు పోకముందే వెళ్ళి నిజం చెప్పు. తిడితే పడు. తిట్టినా సరే, ఆ తిట్టు నీకే తగులుతుంది గానీ లేని పెళ్ళికూతురికి కాదు.

అత్త


బోరబండ నుంచి వచ్చాక, అమీర్‌పేట
30 మార్చి 2025, ఉగాది

అత్తయ్యా,

నేను చెప్పడం ఆలస్యం చేశాను, ఆవిడే వచ్చేసింది. పోయిన ఆదివారం హాస్టల్ మెట్లెక్కి, ఆయాసపడుతూ, చేతిలో సంచితో వచ్చింది. ఇక్కడ పెళ్ళైన ఆడపిల్లకి పుట్టింటివాళ్ళు ఒళ్ళో బియ్యం పోస్తారు, ఒడిబియ్యం అంటారు. పసుపు కలిపిన బియ్యం, కుడుకలు అనే ఎండుకొబ్బరి చిప్పలు, ఖర్జూరాలు, జాకెట్ గుడ్డ. తను పొయ్యకూడదని తోడుగా పక్క షాపు ప్రమోదని తెచ్చుకుంది. తల్లి లేని పిల్లనని భిక్షపతి చెప్పాడట, ఆయనకి ఎవరు చెప్పారో తెలియదు. నన్ను మంచం మీద కూర్చోబెట్టి కొంగు పట్టమంది.

కొంగు పట్టలేకపోయాను. నా చుడీదారుకి కొంగే లేదు. ఏడుస్తూ అంతా చెప్పాను.

కాంతవ్వ పైకి తీసిన కుడుకలు మళ్ళీ సంచిలో వేసింది. తర్వాత తిట్టింది. పెళ్ళి కాని పిల్లకి ఒడిబియ్యం తెచ్చానని నలుగురూ నవ్వరా అంది. మా వాడలో అందరికీ చెప్పుకున్నానంది. సంచి మూతి కట్టేసి మెట్లు దిగిపోయింది. నేను పీట మీద కూర్చున్నాను, కిటికీ మాత్రం తియ్యలేదు.

సాయంత్రానికి మళ్ళీ వచ్చింది. ఈసారి సంచి లేదు, నీ సారె డబ్బా తెచ్చింది. నిండా సకినాలు. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదట వాళ్ళలో. గుమ్మంలోనే నిలబడి చెప్పింది, "నీ లగ్గమైనంక గా బియ్యం మా ఇంటి నుంచే పోపిస్త. గప్పటిదాక నాకు జెప్పకుండ ఏడికి పోకు."

నన్ను వెళ్ళొద్దన్నవాళ్ళు ఇంతవరకూ ఎవరూ లేరు అత్తయ్యా. నువ్వు కూడా అనలేదు. గేటు దగ్గర సంచి అందించి, జాగ్రత్త అన్నావు.

ఇవాళ పండక్కి వాళ్ళింటికి రమ్మంది, వెళ్ళాను. పచ్చడి కుండలో చేసింది, మనం చేసినట్టు గట్టిగా కాదు, తాగేలా ఉంటుంది. వాళ్ళింటినిండా చుట్టాలు. వాళ్ళ మాటలు సగం అర్థం కాలేదు, మూల కూర్చుని చూస్తుండిపోయాను. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఒక్కదాన్నే. అయినా కాంతవ్వ స్టాపు దాకా వచ్చి బస్సు కదిలేదాకా నిలబడింది.

నీ గోడ ఎలా ఉంది? మేజరు గారి ఎర్ర గొడుగు రంగు వెలిసిందా?

హైందవి


చినవాల్తేరు
13 ఏప్రిల్ 2025

అమ్మడూ,

కోడలికి బుద్ధి చెప్పి అత్త తెడ్డి నాకిందని సామెత. నువ్వు మేనకోడలివైనా నాకూ అదే వర్తిస్తుంది.

నువ్వు వెళ్ళిన వారంలోనే బీచ్ రోడ్డు దాటబోతుంటే ఒక స్కూటరు నన్ను రాసుకుని పోయింది. హారన్ కొట్టాడట, నాకు వినపడలేదు. ఇదివరకు రోడ్డు దాటేటప్పుడు నువ్వు నా మోచెయ్యి పట్టుకునేదానివి. అప్పటినుంచీ గోడ దగ్గరికి వెళ్ళలేదు. కేదార్‌కి చెప్పలేదు. నీకు రాసినవన్నీ నీ గది కిటికీలోంచి, నీ పీట మీద కూర్చుని చూసి రాసినవి. పీట నీకు పంపాక నిలబడి చూశాను. గది కూడా ఇచ్చాక చూడడానికి నాకేమీ మిగల్లేదు. ఫిబ్రవరిలో రాసిన గొడుగు నా మనసులోది. కేదార్, మృదుల నవ్వుకుంటుంటే ఎందుకో తెలియక నేనూ నవ్వుతుంటాను. ఇలా ఉంది నా సంగతి.

నీ ఉగాది ఉత్తరం చదివాక నిన్న సాయంత్రం ఫ్రిజ్‌లో మిగిలిన సారె సున్నుండలు రెండు పొట్లం కట్టుకుని రోడ్డు అంచున నిలబడ్డాను. అవును, దాచుకోవద్దని నీకు చెప్పి నేనే దాచుకున్నాను, నువ్వు వస్తావేమోనని. బండ్లు ఆగలేదు. చాలాసేపు నిలబడ్డాను, వెనక్కి తిరిగాను కూడా. అవతల నుంచి మేజరు గారు చూశాడు. డబ్బా అక్కడే వదిలేసి, చెయ్యి అడ్డంగా చాచి బండ్లన్నిటినీ ఆపి వచ్చి, నన్ను దాటించాడు. అతను ఏదో అడుగుతున్నాడు, సముద్రం హోరులో నాకు ఒక్క ముక్క వినపడలేదు. పెదవులు చూసి "పాప ఏదీ" అంటున్నాడని పోల్చుకున్నాను.

గొడుగు ఎర్రది కాదు, నీలం. ఎప్పుడు మార్చాడో.

సున్నుండలు ఇచ్చి పేరు అడిగాను. చెప్పాడు, వినపడలేదు. మళ్ళీ అడిగాను. నా పెన్ను తీసుకుని పొట్లం కాగితం మీద రాసిచ్చాడు. మేజరు గారి పేరు నూకరాజు. నేనూ ఓడిపోయాను.

మిక్చరు రెండు పొట్లాలు కట్టాడు, అలవాటుకొద్దీ. వద్దనలేదు. గోడ మీద కూర్చుని ఒకటి తిన్నాను. రెండోది నా పక్కన పెట్టి, గాలికి ఎగిరిపోకుండా దాని మీద చెయ్యి పెట్టుకున్నాను. ఆ ఎడమొహం పెడమొహం దంపతుల్లో ఆవిడ అటుగా వచ్చింది. ఆయన లేడు, ఆవిడ ఒక్కతే నడుస్తోంది. ఆవిడ పేరు కూడా కనుక్కుంటాను.

కాంతవ్వ గారికి నా నమస్కారాలు చెప్పు. ఆవిడ నిన్ను ఉండమంది, ఉండు. నేను మాత్రం ఆవేళ గేటు దగ్గర "వెళ్ళకే" అందామని నోటిదాకా తెచ్చుకుని, కేదార్ సంగతి తలుచుకుని బాధపడుతున్నావేమో, ఆపితే ఇంకా బాధపెట్టినట్టవుతుందని మింగేశాను. ఇప్పుడు అంటున్నాను, విని ఊరుకో. వెళ్ళకే.

అత్త